ఫోన్ బిల్లులో తెలియని ఐఎస్‌డీ చార్జీ: ఏ గడప ఎక్కితే పని జరుగుతుంది

నెలనెలా ఆరేడు వందలు దాటని పోస్ట్‌పెయిడ్ బిల్లు ఒక నెల ఉన్నట్టుండి నాలుగు వేలవుతుంది. లోపల ‘ఐఎస్‌డీ వాయిస్’ అనో ‘ఇంటర్నేషనల్ రోమింగ్’ అనో ఒక పద్దు కనిపిస్తుంది. ఇంట్లో ఎవరూ దేశం దాటలేదు, బయటి దేశానికి ఫోన్ చేసినట్టు ఎవరికీ గుర్తు లేదు. ఇలాంటప్పుడు మన ముందు ఐదు గడపలుంటాయి: కంపెనీ ఫిర్యాదు నంబరు 198, అదే కంపెనీలో అప్పీళ్లు వినే అప్పిలేట్ అథారిటీ, కేంద్రం నడిపే ఫిర్యాదుల పోర్టల్ సీపీగ్రామ్స్, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915, జిల్లా వినియోగదారుల కమిషన్. ఈ ఐదూ ఐఎస్‌డీ, రోమింగ్ తగాదాల్లో ఎంతవరకు పనికొస్తాయన్నదే ఈ సమీక్ష. మా అంచనా ముందే చెప్పేస్తాం. మొదటి గడప దగ్గర మాటతో గెలవడం కష్టం, రెండో గడప దగ్గర కాగితం బాగా పనిచేస్తుంది. ఏ గడపకు వెళ్లినా ‘బిల్లు ఎక్కువొచ్చింది’ అంటే ఎవరూ కదలరు. ‘బిల్లులో ఫలానా లైను తప్పు’ అంటేనే ఎవరో ఒకరు ఆ లైను తెరిచి చూడాల్సి వస్తుంది.

ముందు లైను చదవాలి

బిల్లు మొదటి పేజీలో ఉండేవి మొత్తాలే. వాటిని చూసి ఫిర్యాదు పెట్టకండి. కంపెనీ యాప్‌లో వివరాల బిల్లు పీడీఎఫ్‌గా దొరుకుతుంది. మీకు మామూలుగా సారాంశం మాత్రమే వస్తుంటే, వివరాల బిల్లు కావాలని విడిగా అడగండి. ప్రీపెయిడ్ వాళ్లకూ ఈ హక్కుంది. గడిచిన ఆరు నెలల లోపు వాడకానికి లైను లైనుగా వివరాలు అడగవచ్చు, దానికి కంపెనీ 50 రూపాయలకు మించి తీసుకోకూడదు, అడిగిన 30 రోజుల్లో ఇవ్వాలి. ‘బ్యాలెన్స్ కట్టయింది, ఎందుకో తెలీదు’ అని ఫోన్ చేసే ముందు ఆ 50 రూపాయలు ఖర్చు పెట్టడమే మేలు.

ఒక లైను దగ్గరగా చూద్దాం. ‘14వ తేదీ, 21:42:07, +1 876తో మొదలయ్యే నంబరు, 00:01:08, 2 పల్స్‌లు’ అని ఉందనుకోండి. ఇందులో ప్రతి ముక్కా ఒక సంగతి చెబుతుంది. మాట్లాడింది 68 సెకన్లు. పల్స్ అంటే చార్జీ లెక్కకు తీసుకునే కాలపు ముక్క. అది 60 సెకన్లయితే రెండు నిమిషాలకు చార్జీ పడుతుంది, అది తప్పు కాదు. అసలు చూడాల్సింది +1 తర్వాతి మూడంకెలు. +1 అనగానే అమెరికా అనుకుంటాం. కానీ 876 జమైకా, 809 డొమినికన్ రిపబ్లిక్, 473 గ్రెనడా, 268 ఆంటిగ్వా. అమెరికా, కెనడాలకని తీసుకున్న ఐఎస్‌డీ ప్యాక్ ఈ దీవులకు సాధారణంగా వర్తించదు. డల్లాస్‌లో ఉన్న కొడుకు కోసం ప్యాక్ వేయించుకున్నవాళ్లు మిస్డ్ కాల్ చూసి, మనవాళ్లదే అనుకుని తిరిగి చేస్తే, ఆ లైను ప్యాక్ బయటి రేటుతో పడుతుంది.

ఇదే ఒక్క రింగు మోసం. ఒకసారి మోగించి పెట్టేస్తారు. మనం తిరిగి చేస్తే కాల్ ఖరీదైన నంబరుకు వెళుతుంది, కాల్‌ను అవతలివాళ్లకు కలిపినందుకు అక్కడి నెట్‌వర్క్ తీసుకునే ముగింపు చార్జీలో వాటా మోసగాడికి చేరుతుంది. కొన్నిచోట్ల అవతల రింగు శబ్దాన్నే రికార్డు చేసి వినిపిస్తారు. ఇంకా ఎత్తలేదనుకుని మనం పట్టుకుని ఉంటాం, ఆ పాటికే మీటరు తిరుగుతుంటుంది. +870, +881, +882 లతో మొదలయ్యేవి దేశాలే కావు, ఉపగ్రహ ఫోన్లు, అంతర్జాతీయ నెట్‌వర్క్‌లు. వీటి రేటు మామూలు ఐఎస్‌డీ కంటే చాలా ఎక్కువ.

మన ఎస్టీడీ కోడ్‌లతో వచ్చే చిక్కొకటి ఉంది. హైదరాబాద్ ల్యాండ్‌లైన్ కోడ్ 040. దాన్ని కాంటాక్ట్స్‌లో +40 అని దాచుకున్నా, ముందు ఒక సున్నా ఎక్కువై 0040 అని నొక్కినా ఫోన్ దాన్ని రుమేనియా అనుకుంటుంది. వరంగల్ 0870కి ముందు ఇంకో సున్నా చేరితే అది ఇన్‌మార్‌శాట్ ఉపగ్రహ ఫోన్ కోడ్. అనంతపురం 08554కు ముందు సున్నా పడితే కంబోడియా, కడప 08562కు పడితే లావోస్. సెల్ నంబర్లలోనూ అంతే. 9848 సిరీస్ నంబరుకు 91 వదిలేసి ప్లస్ ఒక్కటే పెడితే ఇరాన్, 9440కి పెడితే శ్రీలంక. అయితే అంకెల లెక్క కుదరక ఇలాంటి కాల్ చాలావరకు కలవదు. రుమేనియా నంబరుకు +40 తర్వాత తొమ్మిది అంకెలు కావాలి, హైదరాబాద్ ల్యాండ్‌లైన్‌లో ఎనిమిదే ఉంటాయి. అందుకే ఇలాంటి అరకొర నంబరు మీద నిమిషాలు, రూపాయలు పడి ఉంటే ఆ లైను మీ చేతిలో బలమైన ఆధారం. అవతలివాళ్లు ఎత్తినట్టు సిగ్నల్ వస్తేనే చార్జీ మొదలవ్వాలి. కలవని నంబరుకు ఆ సిగ్నల్ ఎలా వచ్చిందని అడగండి.

చార్జీ చిన్నదైతే ఐఫోన్ వైపు చూడండి. ఐమెసేజ్, ఫేస్‌టైమ్ ఆన్ చేసినప్పుడు ఫోన్ తనంతట తానే ఒక ఎస్సెమ్మెస్ పంపుతుంది. మన దేశంలో అది +44తో మొదలయ్యే బ్రిటన్ నంబరుకు పోయి, విదేశీ ఎస్సెమ్మెస్‌గా బిల్లులో పడుతుంది. మెసేజ్‌లలో ఆ పంపిన జాడ కనిపించదు. సిమ్ మార్చినా, ఫోన్ రీసెట్ చేసినా మళ్లీ పోవచ్చు. ఐటీ ఉద్యోగుల బిల్లుల్లో ఇంకోటి తరచూ కనిపిస్తుంది. మీటింగ్ ఆహ్వానంలో లింకు పక్కనే నొక్కితే కలిసే డయల్-ఇన్ నంబరు ఉంటుంది, అది +1తోనో +44తోనో మొదలవుతుంది. ఇంటర్నెట్ కాల్ అనుకుని దాన్ని నొక్కితే గంటసేపు సాగిన సమావేశం గంటసేపు ఐఎస్‌డీ కాల్ అవుతుంది. 58 నిమిషాలు, 61 నిమిషాలు అని ఉన్న లైన్లు కనబడితే ముందు ఆ రోజు క్యాలెండర్ తెరవండి.

గల్ఫ్‌కు మనుషులు వెళ్లిన ఇళ్లలో కారణం ఇంకోలా ఉంటుంది. దుబాయ్‌లో వాట్సాప్ కాల్స్ పనిచేయవు. అందుకని అక్కడున్నవాళ్లు వేరే యాప్‌లు వాడతారు, జగిత్యాలలోనో అమలాపురంలోనో ఉన్న అమ్మానాన్నలు మాత్రం పేరు చూసి నొక్కేస్తారు. కాంటాక్ట్ పేజీలో ఒకే పేరు కింద మామూలు కాల్ గుర్తూ ఉంటుంది, యాప్ కాల్ వరుసా ఉంటుంది. మామూలు కాల్ గుర్తు నొక్కితే అది +971కి ఐఎస్‌డీ. ఈ చార్జీ మీద న్యాయంగా తగాదా పెట్టడానికి ఏమీ లేదు. వృద్ధులు పొరపాటున చేశారని మాఫీ కోరవచ్చు, కంపెనీ ఒప్పుకుంటే ఒప్పుకుంటుంది. ఓడిపోయే లైన్లను ఫిర్యాదులో కలిపితే గెలిచే లైన్లు కూడా పలచబడతాయి. విడగొట్టండి.

దేశం దాటకుండా రోమింగ్ చార్జీ

ధనుష్కోటి చివరికి వెళితే ఫోన్‌కు శ్రీలంక నెట్‌వర్క్ తగలవచ్చు. రామేశ్వరం యాత్రకు వెళ్లినవాళ్ల సిమ్‌లో అంతర్జాతీయ రోమింగ్ ఆన్‌లో ఉండి, నెట్‌వర్క్ ఎంపిక ఆటోమేటిక్‌లో ఉంటే, భారత గడ్డ మీద నిలబడే విదేశీ చార్జీ పడుతుంది. విమానంలో ఫోన్ ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టకపోయినా ఇదే గొడవ. లోపల ఎయిరోమొబైల్, సిటా ఆన్‌ఎయిర్ లాంటి నెట్‌వర్క్‌లుంటాయి. మీరు దిగబోయే దేశానికి తీసుకున్న ప్యాక్ వీటికి వర్తించకపోవచ్చు. ఓడ ప్రయాణాల్లోనూ అంతే.

రోమింగ్ లైనులో నెట్‌వర్క్ పేరుకు బదులు ఐదక్షరాల కోడ్ ఉంటే మొదటి మూడక్షరాలు దేశాన్ని చెబుతాయి: ఎల్‌కేఏ అంటే శ్రీలంక, ఎన్‌పీఎల్ అంటే నేపాల్, ఏఆర్‌ఈ అంటే యూఏఈ. సమయం దగ్గర మాత్రం జాగ్రత్త. రోమింగ్ లైనులో సాధారణంగా ఆ దేశపు గడియారమే ఉంటుంది. దుబాయ్ మనకంటే గంటన్నర వెనక, నేపాల్ పావుగంట ముందు. ‘ఆ సమయానికి నేను నిద్రలో ఉన్నాను’ అని రాసి, తర్వాత అది దుబాయ్ సమయమని తేలితే మొత్తం ఫిర్యాదు మీద నమ్మకం పోతుంది.

బిల్లు ఆలస్యంగా రావడం గురించీ ఒక మాట. విదేశీ నెట్‌వర్క్ పంపే బిల్లింగ్ ఫైలు మన కంపెనీకి చేరడానికి 30 రోజుల దాకా పట్టవచ్చు. మార్చిలో నేపాల్‌లోని ముక్తినాథ్ వెళ్లొస్తే చార్జీ మే బిల్లులో కనిపించినా వింత లేదు, ఆలస్యం ఒక్కటే తప్పు కాదు. కానీ మోసాలు పట్టుకోవడానికని రోమింగ్ కాల్ సమాచారం దాదాపు నాలుగు గంటల్లోనే ఇక్కడికి చేరే ఏర్పాటు వేరే ఉంది. కాబట్టి ‘ఖర్చు ఇంత పెరుగుతోందని మాకు అప్పుడు తెలియదు’ అన్న జవాబును ఉన్నదున్నట్టు ఒప్పుకోనక్కర్లేదు.

విదేశంలో ఉన్నప్పుడు ఎత్తని కాల్స్‌కు కూడా చార్జీ పడిందంటే కాల్ ఫార్వార్డింగ్ మీద అనుమానపడండి. ‘ఎత్తకపోతే ఫలానా నంబరుకు మళ్లించు’ అని పెట్టి ఉంటే, కాల్ ముందు ఇక్కడి నుంచి ఆ దేశానికి వెళ్లి, అక్కడి నుంచి మళ్లీ ఇక్కడికి వస్తుంది. వెళ్లిన దారికీ వచ్చిన దారికీ రెండింటికీ డబ్బు పడుతుంది. *#61# నొక్కితే ఎత్తనప్పుడు కాల్ ఎక్కడికి మళ్లుతోందో తెలుస్తుంది, ##002# అన్ని మళ్లింపులనూ రద్దు చేస్తుంది. విమానం ఎక్కకముందే చేయాల్సిన పని ఇది. కోడ్ పనిచేయకపోతే ఫోన్ సెట్టింగ్స్‌లో కాల్ ఫార్వార్డింగ్ దగ్గర చూసుకోండి.

198: గుమ్మం మాత్రమే

198 ఫిర్యాదుల నంబరు, ఉచితం. తెలుగు ఎంచుకోవచ్చు. ఇక్కడ మీకు కావలసింది ఒక్కటే, డాకెట్ నంబరు, అంటే ఫిర్యాదు నమోదైనట్టు ఇచ్చే నంబరు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2012 నాటి ఫిర్యాదుల పరిష్కార నిబంధనల ప్రకారం ప్రతి ఫిర్యాదుకూ డాకెట్ నంబరు ఇవ్వాలి, అది ఎస్సెమ్మెస్‌లో రావాలి. ఏజెంటు ‘మీ రిక్వెస్ట్ నోట్ చేసుకున్నాం’ అంటే అది ఫిర్యాదు కాదు. ‘బిల్లింగ్ ఫిర్యాదుగా నమోదు చేయండి, డాకెట్ నంబరు చెప్పండి’ అని పట్టుబట్టి, నంబరు విన్నాకే ఫోన్ పెట్టండి. యాప్‌లోని చాట్‌లో పెట్టినా సరే, స్క్రీన్‌షాట్ తీసుకోండి, చాట్ తర్వాత మాయం కావచ్చు.

ఈ గడప బలహీనత దాని నిర్మాణంలోనే ఉంది. ఏజెంటు ముందున్న తెర మీద కనిపించేది మీ బిల్లులో ఉన్న లైనే. అందుకే ‘సిస్టమ్‌లో రికార్డు ఉంది సర్, కాల్ మీ నంబరు నుంచే వెళ్లింది’ అన్న జవాబొస్తుంది, చాలా ఫిర్యాదులు ఆ మాటతోనే మూసేస్తారు. కాల్ వెళ్లిందా లేదా అని మీరు అడిగితే ఆ జవాబు సరిపోతుంది. వాళ్ల తెర మీద లేనిది అడగండి: నా నంబరుకు ఐఎస్‌డీ లేదా రోమింగ్ ఏ తేదీన, ఏ మార్గంలో, ఎవరి సమ్మతితో ఆన్ అయింది? వాడకం క్రెడిట్ పరిమితిలో 80 శాతానికి చేరినప్పుడు హెచ్చరిక ఏ తేదీన, ఏ గంటకు పంపారు? ప్యాక్ ఏ తేదీ ఎన్ని గంటలకు మొదలైంది? పోస్ట్‌పెయిడ్ వాడకం పరిమితిలో 80 శాతానికి చేరినప్పుడు వినియోగదారుకు తెలపాలన్నది ట్రాయ్ ఆదేశం. నాలుగు వేల బిల్లు వెనక హెచ్చరిక లేదంటే అది కంపెనీ లోపం, మీ మతిమరుపు కాదు. ఈ మూడు ప్రశ్నలకూ 198లో జవాబు దొరక్కపోవచ్చు. కానీ అవి డాకెట్‌లో నమోదైతే, జవాబివ్వకుండా మూసేశారన్నదే రెండో గడపలో మీకు ఆయుధం.

బిల్లింగ్ ఫిర్యాదుకు గడువు నాలుగు నుంచి ఆరు వారాలు. తప్పని తేలితే ఆ తర్వాత వారంలోగా మీ ఖాతాలో జమ వేయాలి. మార్కులు ఇవ్వాలంటే 198కి ఐదుకు రెండే ఇస్తాం, ఆ రెండూ డాకెట్ నంబరుకే.

అప్పిలేట్ అథారిటీ: అసలు గడప

ఇది ఉందన్న సంగతే చాలామందికి తెలియదు. పేరు చూస్తే కోర్టులా ఉంటుంది కానీ కంపెనీ సొంత అధికారే. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. ఈమెయిల్‌లో, పోస్టులో, స్వయంగా ఎలా ఇచ్చినా తీసుకోవాలి. ఫిర్యాదు మూసేసిన 30 రోజుల్లోపు, లేదా గడువు దాటినా జవాబు రాకపోతే ఆ గడువు దాటిన 30 రోజుల్లోపు అప్పీలు పెట్టాలి. 39 రోజుల్లో తేల్చాలి. అప్పీలును ముందు ఇద్దరు సభ్యుల సలహా కమిటీ చూస్తుంది. అందులో ఒకరు వినియోగదారుల సంఘం తరఫు మనిషి. కంపెనీ జీతం తీసుకోని ఒక మనిషి మీ కాగితం చదివే మొదటి చోటు ఇదే. అందుకే దీనికి మా మార్కులు ఐదుకు నాలుగు.

అప్పీలు పంపాల్సిన చిరునామాలు ట్రాయ్ వారి ఫిర్యాదుల పర్యవేక్షణ పోర్టల్ టీసీసీఎంఎస్‌లో కంపెనీ వారీగా, సర్కిల్ వారీగా ఉంటాయి. ఇక్కడ తెలంగాణ వాళ్లు తడబడతారు. టెలికాం లెక్కలో తెలంగాణకు వేరే సర్కిల్ లేదు, రెండు రాష్ట్రాలూ ఆంధ్రప్రదేశ్ సర్కిల్ కిందే ఉన్నాయి. కరీంనగర్ వాళ్లయినా ఆంధ్రప్రదేశ్ అనే ఎంచుకోవాలి. ట్రాయ్‌కే నేరుగా మెయిల్ పంపేవాళ్లూ ఉన్నారు. ట్రాయ్ నియమాలు పెడుతుంది కానీ ఒక్కొక్కరి ఫిర్యాదు విచారించదు, దాంతో ఈలోపు 30 రోజుల గడువు కరిగిపోతుంది.

అప్పీలు ఒక పేజీ దాటకూడదు. కోపం, కథ, ‘పదేళ్ల నుంచి మీ కస్టమర్ని’ అన్న మాటలు తీసేయండి. ఇలా ఉంటే చాలు:

‘డాకెట్ నంబరు ఇది, నమోదైన తేదీ ఇది, మూసిన తేదీ ఇది. మార్చి బిల్లు 3వ పేజీలో 7, 8 లైన్ల మీద నా అభ్యంతరం. 7వ లైను: తేదీ, సమయం, నంబరు, వ్యవధి, మొత్తం. ఆ సమయానికి నా ఫోన్ కాల్ లాగ్‌లో ఈ కాల్ లేదు, స్క్రీన్‌షాట్ జత చేశాను. 8వ లైను: ఇది శ్రీలంక నెట్‌వర్క్ మీద పడిన రోమింగ్ చార్జీ. ఆ రోజు నేను రామేశ్వరంలో ఉన్నాను, లాడ్జి రసీదు, ఫాస్టాగ్ స్టేట్‌మెంట్ జత చేశాను. రోమింగ్ ఏ సమ్మతితో ఆన్ అయిందని అడిగిన ప్రశ్నకు జవాబు రాలేదు. 80 శాతం హెచ్చరిక నాకు అందలేదు. కోరేది: రెండు లైన్ల మొత్తం 1,000 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ 180 రూపాయలు, కలిపి 1,180 రూపాయలు రద్దు చేయాలి. ఆలస్య రుసుము పడి ఉంటే అదీ తీసేయాలి.’

జీఎస్టీ సంగతి చాలామంది మర్చిపోతారు. చార్జీ రద్దు చేసి పన్ను వదిలేస్తే మీ డబ్బు కొంత అక్కడే ఉండిపోతుంది.

ఆధారాల్లో కాల్ లాగ్ స్క్రీన్‌షాట్ ముఖ్యం. ఫోన్‌లో పాత కాల్స్ క్రమంగా చెరిగిపోతుంటాయి, అందుకే బిల్లు చూసిన రోజే తీయండి. పేరు మీద నొక్కి వ్యవధి కనిపించేలా తీయాలి. లాగ్‌లో 0 సెకన్లు ఉండి బిల్లులో 1 నిమిషం ఉంటే మీ పక్షాన ఇంతకంటే మంచి కాగితం ఉండదు. రోమింగ్ అయితే పాస్‌పోర్టు ముద్రలు, బోర్డింగ్ పాస్. దేశంలోనే ఉన్నారని చూపడానికి ఆ రోజు దుకాణంలో చేసిన యూపీఐ చెల్లింపులు కూడా పనికొస్తాయి.

ఈలోపు బిల్లు కట్టాలా

అభ్యంతరం లేని భాగం, దాని పన్నుతో సహా, గడువులోపే కట్టేయండి. కట్టిన రోజే ‘ఇంత మొత్తం డాకెట్ ఫలానా కింద తగాదాలో ఉంది, మిగతాది చెల్లించాను’ అని మెయిల్ పెట్టండి. అసలేమీ కట్టకపోతే తగాదా కాస్తా బకాయిగా మారుతుంది. తర్వాత లైను మీద కాక లైను తెగిపోయినందుకు పోట్లాడాల్సి వస్తుంది. సిబిల్ నివేదిక భయం ఉన్నవాళ్లకు ఈ మెయిలే రక్ష.

ఆటోపే ఉన్నవాళ్లకు హడావిడి ఎక్కువ. కార్డు మీద పెట్టిన మాండేట్ (డబ్బు తనంతట తానే కోసుకునేందుకు మీరిచ్చిన అనుమతి) అయితే డబ్బు కోసే ముందు కనీసం 24 గంటలకు ముందు బ్యాంకు నుంచి సందేశం వస్తుంది, ఆ ఒక్క చెల్లింపును వద్దనవచ్చు. 15,000 రూపాయల లోపు బిల్లుకు ఓటీపీ కూడా అడగరు కాబట్టి ఆ సందేశం చూడకపోతే డబ్బు వెళ్లిపోయినట్టే. వెళ్లిపోయాక కూడా తిరిగి రప్పించవచ్చు, కాకపోతే డబ్బు ఇవ్వకుండా అడగడం కంటే ఇచ్చి అడగడం ఎప్పుడూ నెమ్మదే.

కంపెనీ బయట గడపలు

రెండు గడపలూ దాటాక సీపీగ్రామ్స్. పోర్టల్‌లో టెలికాం శాఖను ఎంచుకుని, డాకెట్ నంబరు, అప్పీలు నంబరు, వచ్చిన జవాబు జత చేయాలి. అవి లేకుండా వెళితే ముందు కంపెనీకే వెళ్లమని తిప్పి పంపుతారు. 2024 నుంచి ఇక్కడ గడువు 21 రోజులు. ఈ శాఖ డబ్బు ఇప్పించే తీర్పు ఇవ్వదు, కానీ కంపెనీలో కాల్ సెంటర్‌కు పైనున్న అధికారి నోటి నుంచి రాతపూర్వక జవాబు రప్పిస్తుంది. ఆ జవాబులో ‘ఫలానా తేదీన యాప్ ద్వారా ఆన్ చేశారు’ లాంటి కచ్చితమైన వాక్యం మొదటిసారి కనబడుతుంది. గెలిచినా ఓడినా తగాదా స్పష్టమవుతుంది. ఐదుకు మూడున్నర.

1915 హెల్ప్‌లైన్ మధ్యవర్తి లాంటిది. తెలుగులో మాట్లాడవచ్చు, ఫిర్యాదును కంపెనీకి పంపి జవాబు తెప్పిస్తారు. నాలుగైదు వందల చిన్న మొత్తాలకు ఇది చాలు. కంపెనీ కాదంటే బలవంతం చేసే అధికారం దీనికి లేదు. ఒక్క రింగు మోసం నంబర్లను టెలికాం శాఖ వారి సంచార్ సాథీ పోర్టల్‌లో, మోసపు కాల్స్‌ను తెలిపే చక్షు విభాగంలో కూడా తెలపండి. దాని వల్ల డబ్బు రాదు, ఆ నంబరు మరో ఇంట్లో మోగకుండా ఆపడానికి పనికొస్తుంది.

చివరి గడప జిల్లా వినియోగదారుల కమిషన్. ‘టెలిగ్రాఫ్ చట్టం కింద ఆర్బిట్రేషన్‌కే (మధ్యవర్తి తీర్పుకే) వెళ్లాలి, కమిషన్‌కు అధికారం లేదు’ అని కంపెనీలు చాలాకాలం వాదించాయి, 2009 నాటి సుప్రీంకోర్టు తీర్పును చూపించేవి. 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టే ఆ వాదనను కొట్టేసింది. టెలికాం సేవ వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని, నేరుగా కమిషన్‌కు వెళ్లవచ్చని చెప్పింది. ఎవరైనా పాత మాట చెబితే ఈ తీర్పు గుర్తుచేయండి. 5 లక్షల లోపు వ్యవహారానికి ఫీజు లేదు, రెండేళ్లలోపు వేయాలి, సొంతంగా వాదించుకోవచ్చు. 2025 నుంచి ఇ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు. చట్టంలో మూడు నెలల్లో తేల్చాలని ఉంది, ఆచరణలో అంతకంటే చాలా ఎక్కువ పడుతుంది. పదకొండు వందల కోసం వాయిదాలు తిరగడం అందరి వల్లా కాదు. ఇరవై వేలు, యాభై వేలు వచ్చిన రోమింగ్ బిల్లులకు, లేదా అన్ని గడపలూ ‘సిస్టమ్‌లో ఉంది’ అనే ఒక్క మాటే చెప్పినప్పుడు మాత్రం ఇక్కడికే రావాలి. అప్పీలులో జత చేసిన కాగితాలే ఇక్కడా సరిపోతాయి, కొత్తగా వెతకనక్కర్లేదు.

తగాదా నడుస్తుండగానే చేసుకోవాల్సినవి

యాప్‌లో ఐఎస్‌డీ, అంతర్జాతీయ రోమింగ్ రెండూ విడివిడి బటన్లు. ఒకటి ఆపితే రెండోది ఆగదు, రెండూ చూడండి. అమ్మానాన్నల ఫోన్‌లో ఐఎస్‌డీ పూర్తిగా ఆపించేయండి, గల్ఫ్ నుంచో అమెరికా నుంచో వచ్చే కాల్స్ దానివల్ల ఆగవు. ఓటీపీల కోసం ఇక్కడి సిమ్ వేసుకుని, డేటాకు అక్కడి ఈసిమ్ వాడుతున్న ప్రవాసులు ఐఫోన్‌లో మొబైల్ డేటా స్విచింగ్‌ను ఆపాలి. అది ఆన్‌లో ఉంటే ఈసిమ్ సిగ్నల్ తగ్గినప్పుడు ఫోన్ మన సిమ్ డేటాకు మారవచ్చు. ఆ సిమ్‌కు డేటా రోమింగ్ కూడా ఆఫ్‌లో ఉంచండి. వైఫై కాలింగ్‌తో విదేశం నుంచి చేసిన కాల్‌కు ఎలా చార్జీ వేస్తారన్నది కంపెనీని బట్టి, ప్యాక్‌ను బట్టి మారుతుంది. వెళ్లే ముందే చాట్‌లో అడిగి జవాబు దాచుకోండి.

డబ్బు రద్దయిందన్న ఎస్సెమ్మెస్ వచ్చాక తర్వాతి బిల్లు తెరిచి, సర్దుబాట్ల పద్దులో మైనస్ గుర్తుతో ఆ మొత్తం పడిందో లేదో చూడండి. 1,000 మాత్రమే ఉండి 180 లేకపోతే, అదే డాకెట్ నంబరు చూపించి పన్ను భాగం కూడా అడగండి.